ఖరీదైన కారుకు జడుపు జ్వరం

ఒక విదేశీ కార్ల కంపెనీని బతికిద్దామని బయల్దేరి, దాని ఆఖరి ఊపిరి నా చేతుల మీదుగా ఎలా పోగొట్టానో చెప్పబోతున్నాను. రుమాలు దగ్గర పెట్టుకోండి. ఏడుపొచ్చినా నవ్వొచ్చినా కారేది కంటి నీరే కాబట్టి, తెచ్చిన రుమాలు వృథా పోదు.

కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెప్పినా మీకు నోరు తిరగదు. మా మేనేజర్ వేణుగోపాల్ గారికే తిరిగేది కాదు. ఆ పేరు పలికినప్పుడల్లా గొంతులో చేప ముల్లు ఇరుక్కున్న మనిషిలా కనబడేవారు. హైదరాబాదులో దాని షోరూంలో నేను సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని. అద్దాల గోడలు, అడుగేస్తే జారే పాలరాయి, నొక్కితే నురగ కక్కే కాఫీ మిషను. వచ్చినవాళ్లు కారు పక్కన ఫోటో దిగి, కాఫీ తాగి, ఆలోచించి చెబుతామని వెళ్లిపోయేవారు. కారు ఊరికే ఇచ్చి కాఫీ అమ్ముకున్నా ఈపాటికి గట్టెక్కేవాళ్లం.

విదేశంలో అసలు కంపెనీ పరిస్థితి ఇంకా ఘోరం. కరెంటు కార్ల మీద చేతిలో ఉన్నదంతా పోశారు, అవి పరుగెత్తలేదు. పెట్రోలు కార్లు తగ్గించారు, అడిగేవాళ్లు పక్క కంపెనీకి పోయారు. ఆ దెబ్బకి మన దేశంలో ఒక్కో ఊళ్లో షోరూం మూస్తూ వచ్చారు. మా దగ్గర మొదట బిస్కెట్లు ఆగాయి, తర్వాత మధ్యాహ్నం ఏసీ ఆగింది. ఒకరోజు వేణుగోపాల్ గారు అందరినీ కూర్చోబెట్టి, ఈ నెల ఒక్క బుకింగైనా రాకపోతే మన షోరూమూ మూతేనని, ఎవరి ఉద్యోగాలు వాళ్లు వెతుక్కోవచ్చని చెప్పారు.

అంతా నేల చూపులు చూస్తున్నారు. బుద్ధున్నవాడు అలాంటప్పుడు పాలరాయిలో గీతలు లెక్కపెట్టుకుంటాడు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, మా ఊరుంది."

గోదావరిఖని గురించి ఆ రోజు నేనిచ్చిన ఉపన్యాసం ఏ టూరిజం శాఖవాళ్లైనా వింటే నన్ను ఎత్తుకుపోయేవారు. రోడ్లు వెన్నపూస అన్నాను. దుమ్ము ఉంటుందా అంటే, పౌడరు రాసుకున్నంత అన్నాను. చుట్టుపక్కల ఎలా ఉంటుందని అడిగారు. మహా ప్రశాంతం, పిట్ట ఎగిరినా వినబడుతుందని చెప్పాను. అది అబద్ధమని నాకు తెలియదు. ఒట్టు. ఎందుకు తెలియదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నా ధైర్యమంతా సంపత్ కాక. మా బాపుకి, అంటే నాన్నకి, స్నేహితుడు, నాకు చిన్నాన్న వరస. నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో మట్టి తోలే కాంట్రాక్టరు. సెంటినరీ కాలనీ దగ్గర ఇల్లు, ఇంటి ముందు ఏనుగుల మందలా టిప్పర్లు. ఆయనకి పోటీగా ఉన్న కాంట్రాక్టరు ఈమధ్యే పెద్ద కారు కొన్నాడు. అప్పట్నుంచి కాకకి అన్నం సయించడం లేదని మా అమ్మ చెప్పింది. అన్నం సయించని ధనవంతుడి కంటే మంచి కస్టమరు ఈ భూమ్మీద లేడు.

డెమో కారు తీసుకొని ముందు మా క్వార్టరుకే వచ్చాను. అమ్మ క్వార్టర్ల లైనంతా తిరిగి, మా శీను కంపెనీని నడుపుతుండని చెప్పి వచ్చింది. బాపు భూగర్భ గనిలో ఫిట్టరు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒకే ఒక్కటి అడిగాడు.

"ఇది ఖరాబైతే ఎవడు చేస్తడురా?"

"ఇది ఖరాబు కాదు బాపూ."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. నేను ఆయన వైపు ఇంకా జాలిగా చూశాను. లోకం ఎంత ముందుకు పోయిందో పాపం ఆయనకి తెలియదు కదా.

మర్నాడు కాక ఇంటికి పోయేసరికి అక్కడ పండగ వాతావరణం. టేబుల్ మీద చెక్కుబుక్కు, దాని మీద కలం. ఆ చెక్కుబుక్కులో నాకు నా ఉద్యోగం, వేణుగోపాల్ గారి ఉద్యోగం, కాఫీ మిషను భవిష్యత్తు అన్నీ కనబడ్డాయి. కాక డ్రైవరు సీట్లో కూర్చొని స్టీరింగును పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరాడు. ఆయన తల్లి లచ్చవ్వ వక్కల సంచితో సహా వెనక సీట్లో ఎక్కి, ఏసీ చల్లగా తగలగానే, ఇక తనని దింపొద్దని చెప్పేసింది.

కాకకి ఒక్కటే అనుమానం. రాత్రిపూట బయట పెడితే ఎవడన్నా గీకిపోతే ఎట్ల అని.

అక్కడ ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. ఈ కారుకి చుట్టూ చెవులున్నాయనీ, ఎవరు ముట్టుకున్నా కనిపెట్టి కేకలేస్తుందనీ, ప్రమాదమనుకుంటే తనే కంపెనీకి ఫోన్ చేస్తుందనీ చెప్పాను. అలా చెప్పి ఆగినా బాగుండేది. తెర మీద వేలు జరిపి ఆ చెవుల పదును చిట్టచివరికంటా పెంచాను.

"ఇప్పుడు ఆకు పడ్డా తెలుసుకుంటది కాకా."

"పడనియ్ మరి, సూద్దాం."

నేను బయట నిలబడి, చేతిలో రిమోటు పట్టుకొని, వరమిచ్చే దేవుడిలా ఆకు కోసం ఎదురు చూస్తున్నాను. ఆకు పడలేదు.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. ఓపెన్‌కాస్టులో మధ్యాహ్నం బండల్ని మందుగుండు పెట్టి పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత భూమి అదురుతుంది. ఇక్కడ పుట్టినవాడికి అది తన గుండె చప్పుడులాంటిది, వినబడదు. బ్లాస్టింగ్ టైముకి మా అమ్మ మాట మధ్యలో ఆగి, అరమీద గిన్నెల్ని ఒక చేత్తో పట్టుకొని, అదురు తగ్గాక మిగతా సగం మాట పూర్తిచేస్తుంది. తను ఆగినట్టు తనకే తెలియదు. సైరన్ మోగినట్టు ఆ రోజు నాకూ తెలియలేదు.

భూమి అదిరింది. కాక ఇంట్లో కిటికీ అద్దాలు గలగలమన్నాయి. టిప్పర్లు కదల్లేదు, కుక్క కళ్లు తెరవలేదు. జడుసుకున్నది ఒక్క మా కారే. సీటు బెల్టులు కాకనీ అవ్వనీ వెనక్కి లాగి పట్టుకున్నాయి. లైట్లన్నీ కొట్టుకోవడం మొదలెట్టాయి. హారను ఆగకుండా మోగుతోంది. నేను రిమోటు నొక్కుతూనే ఉన్నాను. నా మాట వినే స్థితిలో అది లేదు. తర్వాత ఒక్కసారిగా అంతా ఆగి, కారు లోపల్నుంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది.

"నమస్కారం. మీ వాహనానికి ప్రమాదం జరిగినట్టు మాకు తెలిసింది. మీరు క్షేమంగా ఉన్నారా?"

లచ్చవ్వ అటూ ఇటూ చూసింది. "ఎవలు బిడ్డా? ఏడ కూసున్నవ్?"

"కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను మేడమ్. అక్కడ ఏం జరిగింది?"

"బాంబులు పేలిచ్చిన్రు బిడ్డా."

అమ్మాయి గొంతు తగ్గించింది. "ఎవరు మేడమ్?"

"మనోళ్లే. రోజు పేలుస్తరు. ఇయ్యాల జర పెద్దగనే అచ్చింది."

"మేడమ్, మీరు భయపడకండి. ఎక్కడైనా దాక్కోండి."

"దాసుకునుడెందుకు బిడ్డా, చాయ్ పెడ్తున్నరు."

ఆ అమ్మాయి ఎవరెవరికి ఏం చెప్పిందోగాని, చాయ్ వచ్చేలోపే వేణుగోపాల్ గారి ఫోన్ వచ్చింది. కాక వినాలని స్పీకర్ పెట్టాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యాల్లో ఇది రెండోది.

"శ్రీనివాస్, మీ ఊళ్లో యుద్ధం జరుగుతోందా?"

"లేదు సార్. బొగ్గు తీస్తున్నారు."

"ప్రశాంతంగా ఉంటుందన్నావు కదా?"

"ఇదే సార్ ప్రశాంతం."

ఆయన కారు స్టార్ట్ చేసి వచ్చేయమన్నారు. నొక్కాను. కారు పలకలేదు. ప్రమాదం జరిగిందని ఒకసారి నమ్మితే, కంపెనీ ఇంజనీరు లాప్‌టాప్ పెట్టి ఏం కాలేదమ్మా అని నచ్చజెప్పేదాకా అది కదలదట. సరే, ఇంజనీరును పంపమన్నాను.

"ఆయన్ని పోయిన నెలే తీసేశాం కదయ్యా. ఖర్చు తగ్గించమని పైనుంచి చెబితే ఎవరిని తీస్తాం?"

సంపత్ కాక నెమ్మదిగా బెల్టు విప్పుకొని దిగాడు. టేబుల్ దగ్గరికి పోయి కలానికి మూత పెట్టాడు.

"శీనూ, ఇంజనీరుకే తిండి పెట్టలేనోడు రేపు నా కారుకేం పెడ్తడు?"

మాట మార్చి కారు గుండె ధైర్యాన్ని మెచ్చుకుందామనుకున్నాను, అది అంతకుముందే అందరి ముందూ బయటపడింది. కాక నా భుజం తట్టి చాయ్ తాగమన్నాడు. ఆ చాయ్ చల్లారేలోపు షోరూం, ఉద్యోగం, మేమంతా చల్లారిపోయాం.

కారు మాత్రం కాక వాకిట్లోనే ఉండిపోయింది. గోదావరిఖని నుంచి యూసుఫ్ భాయ్ అనే మెకానిక్‌ని తీసుకొచ్చాను. బానెట్ ఎత్తి చూస్తే లోపలంతా నల్లటి ప్లాస్టిక్ మూత. ఇంజన్ పర్దాలో ఉంది, నేను ముట్టనని దించేశాడు. ఇంతలో వార్త పాకింది. షిఫ్టు దిగినవాళ్లు దవాఖానలో రోగిని చూడ్డానికి వచ్చినట్టు వచ్చి, తలుపు మీద చెయ్యేసి చూసి, ఇప్పుడెట్లున్నదని నన్ను అడిగి పోయేవారు. నేను కూడా రోగి తాలూకు మనిషిలా, రాత్రి కొంచెం కునుకు తీసిందని చెప్పేవాణ్ని. లచ్చవ్వ మిరపకాయలతో దిష్టి తీసి, అద్దానికి తాయెత్తు కట్టింది.

తాయెత్తు పనిచేయలేదు. రోజూ బ్లాస్టింగ్ కాగానే కారు కొత్తగా జడుసుకొని కంపెనీకి ఫోన్ చేసేది. అదే అమ్మాయి పలికేది. అవ్వ దాని కోసమే వెనక సీట్లో ఎక్కి కూర్చొని, ఆ పిల్లకి తల్లిదండ్రులున్నారా, ఏం కూర తిన్నదని అడిగేది. ఒకరోజు అమ్మాయి, మా ఆఫీసు కూడా మూసేస్తున్నారవ్వా అని చెప్పింది. ఆ మర్నాడు కారు ఫోన్ చేస్తే, ఈ సేవ నిలిపివేయబడిందని ఒక మిషను చెప్పింది. అవ్వ చాలాసేపు దిగలేదు. కంపెనీ పోయిందని మేనేజరు మెయిల్ పెట్టకముందే నాకు తెలిసింది అలా. సంతాప సభలాంటిది ఏదైనా జరిగిందంటే అది ఆ వెనక సీట్లోనే.

చివరికి కారును ఎత్తుకుపోవడానికి హైదరాబాదు నుంచి లారీ వచ్చింది. ఎక్కిస్తుంటే లచ్చవ్వ అరుగు మీద కూర్చొని తీర్పు చెప్పింది.

"దీనితోని డ్యూటీ కాదురా. మెడికల్ అన్‌ఫిట్ చేపియ్యిర్రి."

మా బొగ్గు బాయిల్లో ఇది మామూలు పద్ధతి. కార్మికుడు పని చేయలేకపోతే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటుంది, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"దీనికి కొడుకు లేడు గద. మరి దీన్ని నమ్ముకొని బతికినోడు ఎవడు? గీ పోరడే. సంపతూ, ఈనికి మన టిప్పర్ల మీద ఏదన్న పని సూడు."

తల్లి మాటకు కాక ఎదురు చెప్పడు. మర్నాటి నుంచి నేను టిప్పర్ల ట్రిప్పులు చూసే సూపర్‌వైజర్ని. కారు అన్‌ఫిట్ అయితే వారసత్వ ఉద్యోగం పొందినవాడు ఈ బొగ్గు బెల్టు మొత్తంలో నేనొక్కణ్నే. మా బాపు ఇంతకాలం తన ఉద్యోగం నాకిద్దామని చూస్తున్నాడు. నాకు మాత్రం బంధువు కాని బండి నుంచి దక్కింది.

కాబట్టి పెద్దలారా, నేను మనసా వాచా ప్రమాణం చేస్తున్నాను. ఇక ముందు చావుబతుకుల్లో ఉన్న ఏ కంపెనీనీ నేను కాపాడను. వచ్చి కాళ్లు పట్టుకున్నా కాపాడను. ఈ మాట సంపత్ కాక టిప్పరు స్టీరింగు మీద చెయ్యిపెట్టి చెబుతున్నాను. భయపడకండి, టిప్పరు ఆగే ఉంది.