దానియేలు అన్న రైలెక్కని రోజు

నిన్న పొద్దున టైల్స్ షాపులో ఉండగా ఫోన్ వచ్చింది.

"దానియేలు అన్న పోయినాడప్పా."

సరే అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని కస్టమర్‌కి బాత్రూమ్ టైల్స్ చూపించాను. ఆయన తెలుపు కావాలన్నాడు. తెలుపే ప్యాక్ చేయించాను.

బయటికొచ్చాక బండి తాళం ఎటు తిప్పాలో గుర్తు రాలేదు.

ఈ మధ్యాహ్నం మట్టి వేసి వచ్చాను. ఏడుపు మాత్రం ఇంకా రాలేదు. ఊరికే కూర్చోలేక ఇది రాస్తున్నాను.

అన్నని తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ఆయన వేలూరు దగ్గర గుడియాత్తంలో మేస్త్రీ. పుట్టినప్పుడు పెట్టిన పేరు మునిరత్నం. మా అందరిలాగే ఇళ్ళు కట్టే కుటుంబం. బాప్తిస్మం తీసుకుని దానియేలు అయ్యాడు. వాళ్ళమ్మ కన్నెమ్మ మాత్రం గంగమ్మని వదల్లేదు. కొడుకుని చివరిదాకా "రత్నం" అనే పిలిచింది.

అన్న ప్రార్థన చేస్తే చర్చిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు. అందుకే పాస్టరయ్యగారు తేల్చేశారు. "నీకు దేవుని సేవకు పిలుపు ఉండాది నాయనా." బైబిల్ కాలేజీలో సీటు కూడా వచ్చేసింది.

అన్నకే నమ్మకం కుదరలేదు.

"అందురికీ వినిపించిందంట. నాకు మాత్రం వినిపించలేదప్పా" అనేవాడు నాతో, ఇటుకలు తడుపుతూ.

అవి ఎస్టీడీ బూతుల రోజులు. వేలూరులో బాగాయం వైపు ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. మేము ఒక మేడకి స్లాబు వేసి, షెడ్డులోనే ఉంటున్నాం. కన్నెమ్మ కూడా మాతోనే పనిలో ఉండేది.

బైబిల్లో ఒకాయన గొర్రెబొచ్చు నేల మీద పరుస్తాడు కదా. తెల్లారేసరికి బొచ్చు తడిసి, నేల పొడిగా ఉంటే దేవుడు తనని పంపుతున్నట్టే అని. మా అన్నకి గొర్రెబొచ్చు ఎక్కడ దొరుకుతుంది? ఒక పొడి గోనెసంచి తీసుకెళ్ళి ఆ కొత్త స్లాబు మీద పరిచాడు. సంచి తడిస్తే కాలేజీకి పోవాలి, పొడిగా ఉంటే పోకూడదు.

పొద్దున ఇద్దరం పైకెక్కి చూశాం.

సంచి తడిసింది. నేలా తడిసింది. పిట్టగోడ కూడా తడిసింది. మూలన కన్నెమ్మ బిందె పట్టుకుని నిలబడి ఉంది.

కొత్త స్లాబుకి తెల్లవారుతూనే నీళ్ళు పట్టాలని మేస్త్రీ మర్చిపోయాడు! చెబితే ఎవరైనా నమ్ముతారా?

"ఏమ్మా, సంచి మీద యాండికి పోసినావు?"

"ఎండకి స్లాబు పగిలిపోదా మరి? అయినా మీ సామికి నోరు లేదా రత్నం, గోనెసంచితో అడగతా ఉండావు?"

అన్న పడీపడీ నవ్వాడు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడు నేను పోవాల్నా వద్దా?" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? నాకు తెలిసింది సిమెంటు కలపడం ఒక్కటే.

చివరికి అందరి మాటా కాదనలేక బయల్దేరాడు. చర్చిలో దండ వేసి పంపారు. కాట్పాడిలో రైలు ఎక్కించడానికి ట్రంకుపెట్టె పట్టుకుని నేను కూడా వెళ్ళాను.

దారిలో వేలూరు పెద్దాసుపత్రిలో దిగాం. మాతో పనిచేసే కే.వి.కుప్పం చెంగల్రాయుడు గోడకి కట్టిన సారం కర్రల మీద నుంచి పడి అక్కడ ఉన్నాడు. చూసి, ప్రార్థన చేసి, వెళ్ళిపోదామన్నాడు అన్న.

చెంగల్రాయుడు అన్న చెయ్యి పట్టుకున్నాడు. ఇటు అన్న యేసయ్యా అంటున్నాడు, అటు వాడు గోవిందా గోవిందా అంటున్నాడు. పక్కన వాడి పెళ్ళాం, చంకలో బిడ్డ. వాళ్ళకి ఇంకెవరూ లేరు.

"అన్నా, రైలుకి టైమ్ అవుతుండాదన్నా."

"ఉండప్పా, ఒక్క నిమిషం."

రైలు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ పెట్టె మోసింది నేను కదా.

"వాడు చెయ్యి వదల్లేదప్పా. నేనేం చేసేది?" అన్నాడు అన్న.

తర్వాతి వారం పోవచ్చు. కాలేజీవాళ్ళు రమ్మనే అన్నారు. కానీ పక్క మంచంలో ఇంకొకాయన ఉన్నాడు. ఆ తర్వాత మరొకరు. అన్న మేస్త్రీ పని చేసుకుంటూనే, ఎవరూ తోడులేని మనవాళ్ళ దగ్గర కూర్చోవడానికి ఆ ఆసుపత్రికి తిరుగుతూ ఉండిపోయాడు. కాలేజీకి ఇక పోలేదు.

మేమందరం ఇదెంత గొప్ప పిలుపో అనుకున్నాం. ఆయనకి మాత్రం కాలేజీకి పోకపోవడం ముల్లులాగే ఉండిపోయింది. చర్చి కన్వెన్షన్‌ కూటాల్లో ఎవరైనా దేవుడి మాట కాదన్నవాళ్ళ గురించి ప్రసంగిస్తే వెనక వరసలో తల దించుకునేవాడు. అది చూస్తే నాకు ప్రసంగం చేసేవాళ్ళ మీద కోపం వచ్చేది.

పోయిన వారం అదే ఆసుపత్రిలో మంచం మీద అన్న ఉన్నాడు. పక్కన నేను కూర్చున్నాను.

"అన్నా, నీ పిలుపు ఇదేనని ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"తెలిసిందని నీకెవురు చెప్పినారు?"

నేను ఆయన దుప్పటి సర్దాను.

"ఈ పొద్దుటికీ తెలీదప్పా. తప్పు చేసినానో ఏమో. ఇడిసిపెట్టి పోబుద్ధి కాలేదు, అంతే. పైకి పోయినాక ఆ దేవుణ్ణే అడగతా. తిడితే తిట్టనీ, పడతా."

ఇంతకాలం ఆ భయంతోనే ప్రతి మంచం దగ్గరా కూర్చున్నాడు మనిషి. నా తలలో ఆ మాటే తిరుగుతూ ఉంది. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

ఈపాటికి అడిగే ఉంటావు అన్నా. ఆయన నిన్ను తిట్టి ఉండడు. వచ్చినావా నాయనా, కూర్చో అని ఉంటాడు.

కూర్చో అన్నా. ఇప్పుడన్నా నెమ్మదిగా, భయం లేకుండా కూర్చో.