నూనె డబ్బాలో వేప

నారాయణఖేడ్ బస్సు డిపో దారిలో దుకాణాలకు కిరాయికిచ్చిన తన మడిగెల ముందు సంగప్ప పొద్దున్నే కుర్చీ వేసుకు కూర్చుంటాడు. నడిస్తే జాగా కొలుస్తున్నట్టు అడుగులో అడుగు వేసి నడుస్తాడు. ఆ మడిగెల కోసం పాత వేపను కొట్టించినప్పుడు, బదులుగా రెండు మొక్కలు పెట్టాలని మున్సిపల్ ఆఫీసువాళ్ళు షరతు పెట్టారు. మొక్కకు జానెడు జాగా వదలడానికి కూడా మనసొప్పక, ఆయన రెండు ఖాళీ నూనె డబ్బాల్లో వేపమొక్కలు పెట్టాడు. తనిఖీ ఉందంటే ముందుకు ఈడ్చేవాడు, వాళ్ళు పోగానే గోడవారకు నెట్టేవాడు. ఒకదాన్ని మేకలు మేశాయి. తనిఖీలు ఆగిపోయాక రెండోది మడిగెల ముందరే ఉండిపోయింది. తాగగా మిగిలిన చెంబు నీళ్ళు దాంట్లో కుమ్మరించేవాడు. కొన్నేళ్ళకు దాని నీడ ఎటు జరిగితే కుర్చీ అటు జరుపుకోవడం అలవాటైంది గానీ, తలెత్తి ఆ చెట్టును చూసింది లేదు.

ఒకరోజు, మడిగెలో ఫోన్ల రీఛార్జి దుకాణం నడిపే థామస్ బయటికొచ్చాడు. "పటేలా, చెట్టు అడ్డమొచ్చి నా బోర్డు కనవడ్తలేదు. గా డబ్బ పక్కకు జరుపు. లేకుంటే నేను వేరే మడిగె చూసుకుంట."

కిరాయి పోతుందనగానే సంగప్ప లేచి డబ్బాను రెండు చేతులా గుంజాడు. తుప్పు పట్టిన రేకు చేతిలోకి ఊడొచ్చింది, చెట్టు మాత్రం కదల్లేదు. వంగి చూశాడు. వేళ్ళు డబ్బా అడుగును చీల్చుకుని, బండల సందుల్లోంచి భూమిలోకి దిగి మణికట్టంత లావయ్యాయి.

"గొడ్డలి తేవాల్నా?" అన్నాడు థామస్.

సంగప్ప రేకుముక్కను అవతల పారేసి, కుర్చీని నీడలోకి లాక్కున్నాడు.

"జాగ కబ్జ చేసింది. ఇగ అది జరగదు. నీ బోర్డే జరుపుకో."