మైక్రోమీటరులో ఒక గీత

మేస్త్రి పోయారని పిన్ని ఫోన్ చేసేసరికి నేను షెడ్డు షట్టరు ఎత్తుతున్నాను. పిన్ని అంటే మేస్త్రి భార్య. "పొద్దున్నే నమాజుకి లేపితే పలకలేదురా అబ్బాయ్" అంది. సగం ఎత్తిన షట్టరు మళ్ళీ దించేసి పరుగెత్తాను. సాయంత్రం ఖబరస్తానులో అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేసి వచ్చాను. మూడు వారాలైంది. రోజూ టీ వేళకి ఇంకా రెండు గ్లాసులే చెబుతున్నాను.

నరసరావుపేట చుట్టుపక్కల ట్రాక్టరున్న రైతుల్లో మా మేస్త్రిని ఎరగనివాళ్ళు తక్కువ. ఒక రేకుల షెడ్డు, ఇనుమును తిప్పుతూ చెక్కే రెండు లేతు మిషన్లు, వాటి ముందు మేమిద్దరం. నా పెళ్ళయిన ఏడాది ఆయన దగ్గర పనికి చేరాను. ఐటిఐ చదివొచ్చానన్న పొగరు నాకు దండిగా ఉండేది. చేరిన వారంలోనే ఒక షాఫ్టును ఉండాల్సిన దానికన్నా సన్నగా తీసి పాడుచేశాను. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన ఆ ముక్కను నా చేతిలో పెట్టి, "తీసింది మళ్ళీ అతకదురా. ముందు కొలువు. తీసేటప్పుడు కొంచెం కొంచెం తియ్యి" అన్నారు.

ఆయన కోపమంతా కొలతల మీదే. వెంట్రుక మందం కూడా చెప్పే మైక్రోమీటరును తడి చేత్తో ముట్టుకుంటే మాత్రం ఇంతెత్తున లేచేవారు. ఎవరి మైక్రోమీటరు వాళ్ళకుండాలని, ఒకరి చేతి బిగువు ఇంకొకరికి రాదని చెప్పి, నాకు విడిగా ఒకటి కొనిపెట్టారు. నాలుగింటికి బన్ను తెచ్చి టీలో ముంచి సగం నాకిచ్చేవారు. తడిసిన బన్నంటే నాకు గొంతు దిగదు. ఆ సంగతి ఆయనకు ఏనాడూ చెప్పలేదు, ఇక చెప్పే వీలూ లేదు.

దసరా వస్తే మిషన్లకు పూజ నాది, చాకిరీ ఆయనది. ముందురోజే మిషన్లు కిరసనాయిలుతో కడిగేవారు. గుమ్మడికాయ ఆయనే ఎంచి తెచ్చేవారు. నేను పసుపు కుంకుమలు పెడుతున్నంతసేపూ టోపీ సర్దుకుంటూ రోడ్డు మీద నిలబడి, కొబ్బరికాయ చప్పుడు వినగానే "ఐపోయిందా?" అంటూ లోపలికొచ్చి చెయ్యి చాపేవారు. మొదటి కొబ్బరిముక్క ఆయనదే.

అట్లాంటి మనిషిని నేను ఒక మాటన్నాను. పిడుగురాళ్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరికిన రోజది. యూనిఫారం, హెల్మెట్టు, మెళ్ళో కార్డు అని తలకెక్కింది. "ఈ రేకుల కింద ఎన్నాళ్ళు మాడమంటారు మేస్త్రీ? మీకంటే ఇది మీ షెడ్డు. నాకేముంది ఇక్కడ, మసి తప్ప?" అన్నాను. ఆయన మిషను ఆపి మరీ విన్నారు. విని, "నీ పనిముట్ల పెట్టె తీసుకుపో" అన్నారు. "అక్కడ అన్నీ కంపెనీయే ఇస్తుంది, ఉంచుకోండి" అని వచ్చేశాను. పన్నెండేళ్ళు అన్నం పెట్టిన చోటు నుంచి అట్లా వచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు దసరాలు గడిచాక ఒక పొద్దున గేటు దగ్గరే మమ్మల్ని ఆపేశారు. పని తగ్గింది, రేపటి నుంచి రావద్దన్నారు. కార్డూ హెల్మెట్టూ అక్కడే తీసుకున్నారు. ఆ తర్వాత రెండు నెలలు ఎక్కడా పని దొరకలేదు. షెడ్డున్న వీధి తప్పించి చుట్టూ తిరిగి బజారుకు వెళ్ళేవాణ్ణి. మా ఆవిడ చూసి చూసి, "మేస్త్రి గారి దగ్గరికి పోరాదూ?" అంది.

"ఏం మొహం పెట్టుకుని పోనే?"

"ఉన్న మొహం పెట్టుకునే పో. ఆయనేమన్నా కొత్తగా చూడాలా దాన్ని?"

వెళ్ళాను. మిషను మీద, ట్రాక్టరు వెనక మట్టి గుల్ల చేసే రోటవేటరుది ఒక షాఫ్టు తిరుగుతోంది. మేస్త్రి కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసి మిషను ఆపారు. దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చాను. "మేస్త్రీ, ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ఏ మాట? ఆ రోజు మిషను నడస్తా ఉండె. నాకేం వినపళ్ళా" అన్నారు. "చేతులు కడుక్కోనిరా. ఈ బేరింగు సీటు కొలిచి చెప్పు. నా కళ్ళు చానా రోజుల్నించి ఆనటంలా."

నా పెట్టె నేను పెట్టిన చోటే ఉంది, దుమ్ము కూడా లేదు. మూత తీసి మైక్రోమీటరు పట్టుకుని చూద్దును కదా, వస్తువును పట్టి కొలిచే దాని దవడల నిండా ఎండిపోయిన పసుపు, దాని కింద తుప్పు. అంతసేపూ తల దించుకున్నవాణ్ణి ఒక్కసారిగా అరిచాను.

"ఎవరు మేస్త్రీ దీనికి పసుపు పూసింది? బుద్ధుండక్కర్లా!"

మేస్త్రి దొంగ దొరికినట్టు చూశారు.

"నేనేరా. నువ్వు పోయినాక పూజ చేసేవోళ్ళు లేరు. మిషన్లంటే నావి, పోనీలే అనుకున్నా. నీ పెట్టె ఉత్తగా ఉంటే మనసొప్పలా. మీ పిన్ని వంటింట్లో పసుపుంటే కలిపి తెచ్చి పెట్టా."

"తడి పసుపు దీనికా?"

"పెట్టెలో గొప్ప వస్తువేదీ అంటే అదేగదరా. యాడ పెట్టాలో నాకేం తెలుసు?"

"ఎన్నిసార్లు పెట్టారు?"

"నాలుగు దసరాలు పోలా?"

తడి చెయ్యి తగిలితేనే కేకలేసే మనిషి, నా కోసం ఏటేటా దానికి తడి పసుపు పూశారు. నేను ఆ షెడ్డులో నిలబడే ఏడ్చాను. ఆయన చూడనట్టు అటు తిరిగి, రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. కాసేపటికి, "ముందు దాన్ని తుడువు. రైతు వచ్చేస్తాడు" అన్నారు.

సన్న ఉప్పుకాగితంతో రుద్దితే తుప్పు పోయింది. దాంతో పాటు దవడలూ కాస్త అరిగాయి. అప్పటినుంచి అది ఒక గీత తక్కువ చూపిస్తుంది. సరిచెయ్యడం అయిదు నిమిషాల పని. నేను చెయ్యలేదు. కొలిచిన ప్రతిసారీ ఒక గీత కలుపుకుంటాను. దవడలు మూస్తే సరిగ్గా సున్నా చూపని మైక్రోమీటరు పక్కన అన్నం కూడా తినకూడదనే మేస్త్రి కొన్నాళ్ళకు అది కనిపెట్టారు. నా వంక చూసి, "కలుపుకుంటన్నావా?" అన్నారు. "కలుపుకుంటున్నా మేస్త్రీ" అన్నాను. "ఐతే సరే" అన్నారు. ఆ తర్వాత ఆయన పోయేదాకా మా మధ్య ఆ ఊసే రాలేదు.

మొన్న పిన్ని కబురుపెడితే ఇంటికి వెళ్ళాను. షెడ్డు నడపమని చెప్పి, మేస్త్రి మైక్రోమీటరు గుడ్డలో చుట్టి ఇచ్చింది. "నీది బాగాలేదంటగా. దీన్ని వాడుకోరా" అంది. ఆ సంగతి ఇంట్లో చెప్పారన్నమాట.

ఈ పొద్దున రొంపిచెర్ల రైతు ఒకాయన షాఫ్టు తెచ్చాడు. ముందు మేస్త్రిది తీసి చూశాను. సున్నా దగ్గర గీతకు గీత కూర్చుంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా. తుడిచి, మళ్ళీ గుడ్డలో చుట్టి, ఆయన నిలబడే మిషను పక్కన పెట్టాను. నాది తీసి కొలిచాను. ఒక గీత కలుపుకుని, కొంచెం కొంచెంగా తియ్యడం మొదలుపెట్టాను.