మంద ఎటు పోతుందో రాసే గడి

బేస్తవారిపేట దాటగానే గొర్రెల మంద అడ్డం వచ్చి బస్సు ఆగింది. దుమ్ముతో కలిసిన గొర్రెల వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. పక్కసీటాయన ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం మా రమణమ్మ డాక్టరుగారు గుర్తొచ్చారు. ఒక పెద్దమనిషి ఇలా గుర్తుకు రావడం అంత మర్యాద కాదు. వింటే ఆవిడే ముందు నవ్వేవారు.

మార్కాపురం ఆసుపత్రిలో ఆవిడ దగ్గరే నా తొలి ఉద్యోగం. రక్తం తగ్గిన గర్భిణులకు వేరేవాళ్ల రక్తం ఎక్కించేదాకా రానీయకుండా, ముందే ఐరన్ మందు సెలైన్‌లో ఎక్కిస్తే ఎంత మేలు, ఎంత ఖర్చు, ఎవరికి అందుతుంది? ఇది తేల్చే పరిశీలనకు మేం ప్రణాళిక రాయాలి. పల్లె ఆసుపత్రులకు ఆ మందు ఇవ్వాలా వద్దా అన్నది పైవాళ్లు ఆ పరిశీలన ఫలితాన్నిబట్టే నిర్ణయిస్తారు. నేను రంగురంగుల పట్టిక గీసి, దేశాన్ని కాపాడినవాడిలా ఆవిడ ముందు పెట్టాను. మందు ఎక్కించిన నెలకు మళ్లీ రక్తపరీక్ష. రానివాళ్ల పేరెదురుగా ‘తప్పిపోయినవారు’.

ఆవిడ నన్ను వరండాలోకి తీసుకెళ్లారు. అప్పుడే మందు ఎక్కించుకున్న అంకమ్మ బెంచీ మీద ఉంది. ఆరో నెల. నాలుగడుగులకే ఆయాసం.

“అక్కా, నెలకు మళ్లీ రావాల,” అన్నాను.

“ఏడొస్తా అబ్బయ్యా? ఈడ మేత లేదు. ఎల్లుండి మందను తోలుకొని తూర్పుకు పోతాన్నాం.”

“కడుపుతోనా?”

“నాకు కడుపని గొర్రెలకేం తెలుసు?”

జోకులు నా శాఖ అనుకునేవాణ్ణి. ఆ రోజుదాకా.

“ఇట్లాంటోళ్లను తప్పిపోయినారని రాసినావనుకో, ఇంటికాడ ఉండేవాళ్ల లెక్కే మిగుల్తాది,” అన్నారు మేడమ్. “ఆమె యాడికీ తప్పిపోలేదు నాయనా. యాడికి పోతాందో చెప్పింది. నువ్వే రాసుకోలేదు.”

పట్టికలో కొత్త గడి పుట్టింది: మంద ఎటు? ఎరువు కోసం మందను తన చేలో నిలిపించుకునే రైతు పేరు, ఫోన్ నంబరు.

నెల తిరగ్గానే, ఆ గడి పనిచేస్తుందో లేదో చూద్దామని ముండ్లమూరు దగ్గర ఒక చేలోకి వెళ్లాం. పొట్టేలు నన్ను పొడిచింది. దాన్ని మందు దుష్ఫలితాల కింద రాయమన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. అంకమ్మ గట్టు మీదుగా ఆగకుండా నడిచొచ్చి, “నన్ను రమ్మంటిరి, మీరే వచ్చినారా!” అంటూ రక్తపరీక్షకు చెయ్యి చాపింది. రక్తం పెరిగింది.

మేడమ్ పోయి ఏడాదైంది. ప్రణాళిక పైవాళ్ల దగ్గరుంది. వాళ్లు చాలా కొట్టేశారు గానీ, ఆ గడి జోలికి పోలేదు.

బస్సు కదలబోతుంటే తల బయటపెట్టి గొర్రెల కాపరిని పిలిచాను.

“అన్నా, మంద ఎటు పోతాంది?”

“ఏంది, కొంటావా?”

“లేదన్నా. రాసుకుంటా.”