మార్తమ్మ టీచర్ ఇచ్చిన మొదటి మాట

మొన్న నార్కట్‌పల్లిలో బస్సెక్కి నకిరేకల్ వస్తుంటే పక్క సీటులో కూర్చున్న ముసలామె కొంగుముడి విప్పి ఒక లవంగం నోట్లో వేసుకుంది. కిటికీలోంచి కొడుతున్న వేడిగాలితో పాటు ఆ వాసన నా ముఖం మీదికి వచ్చింది. వెంటనే మార్తమ్మ టీచర్ గుర్తుకొచ్చింది. గుడ్‌ఫ్రైడే నాడు ఆమె పొద్దుటి నుంచి ఉపవాసం ఉండి, పన్నెండు నుంచి మూడు దాకా గుడిలో మొదటి వరుసలో కూర్చుని లవంగాలు నములుతూ ఉండేది. "ఉపవాసమంటివి గద టీచరమ్మా" అని ఎవరైనా అంటే, "లవంగం తిండి గాదు, మందు. అనుమానముంటే డాక్టర్ని అడుగుపో" అనేది. ఆమె పోయి నాలుగేళ్లు దాటింది. ఆమెను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నా సంగతులు కూడా వస్తాయి, తప్పదు.

ఆమె మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. మా ఊరి గుడిలో సండే స్కూలు ఆమెదే. మొదట నేను, తర్వాత నా కూతురు ఎస్తేరు, ఆమె ముందు చాప మీద కూర్చుని వాక్యాలు కంఠతా పట్టినవాళ్లమే. పొట్టి మనిషి, మోకాళ్లు వంగేవి కావు. మా వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఆ తరంవాళ్లకు చాలామందికి అంతే. గుడ్‌ఫ్రైడే ఆరాధనలో సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఎవరికి ఏ మాట అన్నది ఆమే తేల్చేది. ఆమె రాసిచ్చిన చీటీని పాస్టరు అయ్యగారు కూడా మార్చేవారు కాదు. తనకు మేకులు కొట్టినవాళ్లను క్షమించమని తండ్రిని వేడుకునేది మొదటి మాట. అది ఏటేటా జెకర్యా సారుకే పోయేది. ఆయన బ్యాంకులో చేసి రిటైరైన సంఘపెద్ద.

జెకర్యా సారు మీద నాకు నాలుగు ఫిర్యాదులు ఉండేవి. ఇప్పటికీ ఉన్నాయి. మా బాపు దొర దగ్గర జీతమున్న మనిషి, చదువు లేదు. గుడి కట్టేటప్పుడు ఎండాకాలమంతా పునాది తవ్వాడు, పైసా తీసుకోలేదు. తర్వాత గుడికి టైల్స్ వేసి నల్లరాయి మీద పేర్లు చెక్కించినప్పుడు బాపు పేరు లేదు. అడిగితే, చందా ఇచ్చినవాళ్ల పేర్లే చెక్కించామన్నాడు జెకర్యా సారు. నా పెండ్లినాడు అయ్యగారిని ఆయన తన కొత్త ఇంటి ప్రార్థనకు తీసుకుపోతే, మా పెండ్లి రెండు గంటలు ఆగింది. ఒక ఈస్టర్ విందులో మా బాపును చివరి బంతిలో కూర్చోబెట్టారు. వడ్డన దగ్గర నిలబడ్డ జెకర్యా సారు మాంసం ముక్కలు అయిపోయాయని ఉత్త షేర్వా పోయించాడు. క్రిస్మస్ నాటికలో మా ఎస్తేరుకు వరుసగా మూడేళ్లు గొర్రె వేషమే. మరియ వేషం ఆయన మనవరాలిది. ఇవి చిన్న సంగతులని నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరికీ చివరి బంతిలో షేర్వా పోయలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు గుడ్‌ఫ్రైడేకు పది రోజుల ముందు టీచర్ ఇంటికి పోయాను. అప్పటికి నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పద్దెనిమిదేళ్లు చేసినవాణ్ని. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"టీచరమ్మా, నాకు ఒక్క ఏడాదన్న మాట ఇయ్యవేంది?" అన్నాను.

"నీ దగ్గర మాటలకేం తక్కువరా యాకోబు. ఇంకా నేనెందుకియ్యాలె?"

"మా బాపు తవ్విన పునాది మీద నిలవడి మాట్లాడే హక్కు నాకు లేదా?"

ఆమె గింజ తీయడం ఆపింది. "సరే. మొదటిది తీస్కో" అంది. "పదిహేను నిమిషాలు. పొయ్యి చదువుకో."

మొదటిదంటే జెకర్యా సారుది. నేను గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను. చదువుకోలేదు, రాసుకున్నాను.

గుడ్‌ఫ్రైడే నాడు గుడి నిండింది. ఫ్యాన్లు తిరుగుతున్నా మగవాళ్ల చొక్కాలు వీపుకు అంటుకున్నాయి. మైకు ముందుకు పోయి, క్షమించడం అంటే ముందు ఎవరు ఏం చేశారో తెలిసి ఉండాలి కదా అని మొదలుపెట్టాను. ఆ తర్వాత ఎవరు ఏం చేశారో చెప్పాను. నల్లరాయి, పెండ్లి, షేర్వా, గొర్రె వేషం, అదే వరుసలో. పేరు కూడా చెప్పాను. జెకర్యా సారు రెండో వరుసలో కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. టీచర్ నన్ను ఆపలేదు. నేను ముగించాక అయ్యగారు గొంతు సవరించుకుని పాట నంబరు చెప్పారు. ఆరాధన అయ్యాక ఎవరూ నాతో మాట్లాడకుండా చెప్పులు తొడుక్కుని పోయారు. పద్నాలుగేళ్ల ఎస్తేరు నాకంటే ఇరవై అడుగుల ముందు నడిచింది. నేను వేగంగా నడిస్తే తనూ వేగం పెంచింది.

ఆ ఏడే ఎస్తేరు కన్ఫర్మేషన్ కావాలి. పెద్దయిన పిల్లలు తమ నోటితో విశ్వాసం ఒప్పుకుని, మొదటిసారి ప్రభువు బల్ల ముందు మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజది. మా బాపు దొరకు తప్ప ఇంకెవరికైనా మోకరించగలనని అనుకోలేదట. మొదటిసారి బల్ల ముందు మోకరించిన రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చున్నాడని మా అమ్మ చెప్పేది. అదే బల్ల ముందు నేను మోకరించాను. నా బిడ్డ మోకరించాలన్నది నాకున్న ఒకే ఒక్క కోరిక. మిగతావి కోరికలు కావు, ఫిర్యాదులు. గుడ్‌ఫ్రైడే అయిన వారానికి ఎస్తేరు కన్ఫర్మేషన్ క్లాసుకు పోవడం మానేసింది. అడిగితే, "నేను తీసుకోను డాడీ" అంది. మళ్లీ అడిగినా అదే మాట.

గుడి కమిటీవాళ్లు పిల్లను ఏదో అని ఉంటారనుకున్నాను. ఐదో ఫిర్యాదుతో టీచర్ ఇంటికి పోయాను. ఆమె మొత్తం విని, "రేపు సాయంత్రం పిల్లను తోల్కొనిరా" అంది.

మరునాడు ముగ్గురం అదే అరుగు మీద కూర్చున్నాం. టీచర్ ఎస్తేరు చేతికి మరమరాల గిన్నె ఇచ్చింది. "ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?" అని అడిగింది.

"ఎవ్వరు ఏమనలే టీచర్."

"మరి ఎందుకు రావు?"

"ఆ గుడిల మోకాళ్లూనుడు నాకిష్టం లేదు."

"గుడేం జేసింది?"

ఎస్తేరు చెప్పడం మొదలుపెట్టింది. నల్లరాయి దగ్గర మొదలుపెట్టి, పెండ్లి, షేర్వా, గొర్రె వేషం. ఒక్కటి తప్పలేదు. తను పుట్టకముందు జరిగినవి కూడా చూసినట్టే చెప్పింది. "షేర్వ పోసిండ్రు" దగ్గర నేను ఎక్కడ ఆగుతానో సరిగ్గా అక్కడే ఆగింది. నేను వేలు ఎత్తే చోట తనూ వేలెత్తింది. ఆ వయసులో వాక్యం ఒక్కటి కంఠతా పట్టాలంటే వారం తీసుకునే పిల్ల అది. రోజూ అన్నం దగ్గర నేను చెప్పినవి, నేను నేర్పాలనుకోనివి, అన్నీ నేర్చుకుంది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

టీచర్ ఆశ్చర్యపోలేదు. "మంచిగ ఒప్పజెప్పినవు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "బొంద సంగతి చెప్పినవారా పిల్లకు?"

"ఏం బొంద?" అంది ఎస్తేరు.

"మీ తాతకు తవ్విన బొంద" అంది టీచర్. "మీ నాయిన చెప్తడు."

చెప్పక తప్పలేదు. మా బాపు ఎస్తేరు చిన్నప్పుడే ఒక మే నెలలో పోయాడు. ఆ రోజు తవ్వేవాళ్లు ఇద్దరూ వేరే ఊరు పోయారు. మా సమాధుల జాగా గుట్ట పక్కన, అడుగు లోతు పోతే రాయే. నేనొక్కణ్నే గడ్డపారతో మొదలుపెట్టాను. కాసేపటికి జెకర్యా సారు వచ్చి చొక్కా తీసి కంప మీద వేసి రెండో గడ్డపార అందుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరమే తవ్వాం. ఆయన బ్యాంకులో పెన్ను పట్టిన మనిషి. అరచేతులు పగిలి గడ్డపార కర్రకు నెత్తురంటింది.

"మరి ఇన్నేండ్లు ఇదెందుకు చెప్పలే డాడీ?" అంది ఎస్తేరు.

"అది వేరే సంగతి" అన్నాను.

"వేరే సంగతే" అంది టీచర్. "రెండూ ఒకటని నేనంటలేను. రాయి మీద పేరు లేకపోవుడు తప్పే. కమిటీల నేను గూడ అన్న, ఎవ్వరూ ఇనలే. ఒకదానికి ఒకటి చెల్లు అని గూడ అంటలేను. కాని పిల్లకిస్తే మొత్తం ఇయ్యాలె గద. సగం ఇచ్చి ఇదే మన ఇంటి ఆస్తి అంటే ఎట్ల?"

ఆ సాయంత్రంతో అంతా చక్కబడిందని రాయలేను. ఎస్తేరు ఆ ఏడు కన్ఫర్మేషన్ తీసుకోలేదు. కోపం గుడి మీద నుంచి నా మీదికి మళ్లింది, అంతే. ఎస్తేరు తోటి పిల్లలు తెల్లబట్టల్లో వరుసగా మోకరిస్తుంటే నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. ఎస్తేరు ఇంటి దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి గుడ్‌ఫ్రైడే చీటీలో కూడా మొదటి మాట ఎదురుగా నా పేరే రాసింది టీచర్. కమిటీలో గొడవైంది. నాకే ఇబ్బందై ఆమె దగ్గరికి పోయాను.

"నాకొద్దు టీచరమ్మా. నేను క్షమించలే. క్షమించినని అబద్ధం చెప్పలేను."

"ఎవరు చెప్పమన్నరు? ఆ మాట మళ్ల ఒక్కసారి చదువు. ఆయన గూడ నేను క్షమించిన అనలే. నువ్వు క్షమించు అని తండ్రిని అడిగిండు. అంత నొప్పిల ఆయనతోనైంది అడుగుడే. నీతోని గాకుంటే నువ్వు గూడ అడుగు. అడుగుతందుకేమాయె?"

ముప్పై ఏళ్లుగా ఆ మాట వింటున్నాను. ఆ సంగతి నేను గమనించలేదు. ఏటేటా దాని గురించి మాట్లాడిన జెకర్యా సారు కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఆ శుక్రవారం జెకర్యా సారు గుమ్మం పక్కనే కూర్చున్నాడు, మధ్యలో లేచి వెళ్లడానికి వీలుగా. ఎస్తేరు వాళ్లమ్మ బలవంతం మీద వచ్చింది. నేను నాలుగైదు నిమిషాలే మాట్లాడాను. రాయి మీద మా బాపు పేరు ఇంకా లేదని చెప్పాను. తర్వాత బొంద సంగతి చెప్పాను, గడ్డపార కర్రకు అంటిన నెత్తురుతో సహా. నాకు ఇంకా క్షమించడం చేతకాలేదని, చేసిపెట్టమని తండ్రిని అడుగుతున్నానని చెప్పి దిగాను. స్తంభమెక్కి పదకొండు వేల ఓల్టుల లైను పక్కన పనిచేసినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

బయట చెప్పుల దగ్గర జెకర్యా సారు నా పక్కన ఆగాడు. "మూడడుగుల కాడ బండ తగిలింది, యాదికుందా? అది చెప్పలే నువ్వు" అన్నాడు.

"యాదికుంది సార్" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. అంతకుమించి మా మధ్య ఏమీ జరగలేదు. ఆయన బతికి ఉండగా గుడి నల్లరాయి మీద బాపు పేరు ఎక్కలేదు, తర్వాత కూడా ఎక్కలేదు. అడుగుతూనే ఉన్నాను.

ఎస్తేరు ఇంకో రెండేళ్లకు, నర్సింగ్ చదువుకు పోయే ముందు, తనంతట తనే టీచర్ ఇంటికి పోయి క్లాసులో కూర్చుంది. తనకంటే చిన్నపిల్లల మధ్య తాటిచెట్టులా ఉన్నావని టీచర్ ఏడిపించేదట. కన్ఫర్మేషన్ రోజు టీచర్ ఆటోలో వచ్చింది. అప్పటికి కర్ర లేకుండా నడవలేకపోయేది. నా బిడ్డ బల్ల ముందు మోకరించినప్పుడు నేను కళ్లు మూసుకోవాల్సింది, ప్రార్థన సమయం కదా. మూసుకోలేదు. టీచర్ కూడా మూసుకోలేదు. "నువ్వు చూస్తున్నవా లేదా అని చూసిన" అని తర్వాత చెప్పింది. మరుసటి ఆదివారం నుంచి ఆమె సండే స్కూలు పిల్లల్లో చిన్నవాళ్లను ఎస్తేరుకు అప్పజెప్పింది. ఇప్పుడు ఎస్తేరు హైదరాబాదులో దవాఖాన ఉద్యోగం చేస్తూ అక్కడి గుడిలో ఆదివారాలు పిల్లలకు వాక్యం చెబుతోంది. ఏం చెబుతోందో నాకు తెలియదు. మొత్తం చెబుతోందని నమ్ముతున్నాను.

ఈ ఏడు ఎండల్లో కొత్త కమిటీ గుడి వైరింగంతా నాతో మార్పించుకుంది. ఆదివారం కృతజ్ఞతలు చదివినప్పుడు రంగులు వేసినవాళ్ల పేర్లు వచ్చాయి, నా పేరు రాలేదు. ఇంటికొచ్చి కమిటీకి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. ఒక పేజీ సాఫీగా నడిచింది. రెండో పేజీలో చేయి ఆగింది. ఆ పేర్లు చదివిన సెక్రటరీయే, ఆ ఎండలో, రెండు రోజులు నా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి కూడా వదలలేదు. తర్వాత అది కూడా అందులో రాశాను. ఫిర్యాదు మాత్రం ఇచ్చాను.