దొర కాగితం వెనకాల నా చదువు

నాకు కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ రాదు. ఆ ఏడాదైతే మరీను. కాలేజీలో సీటు వచ్చినా, ఎస్టేటు ఇంటి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను.

ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. సర్కారు సాయానికి దరఖాస్తు పెట్టి, అందులో నాన్న రాబడి చూపించి, ఆయన పన్ను కాగితం నకలు జతచేయాలి. సాయం రాకపోతే కాలేజీ మాట మరిచిపోయి, ఎస్టేటు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించాలి. శనివారంతో గడువు సరి. దరఖాస్తు మాత్రం ఇంకా మా బల్ల మీదే ఉంది.

కారణం నాన్నే. ఆయన ఎస్టేటు ఆఫీసులో పెద్ద కిరాణీ, అంటే గుమాస్తా. ఎస్టేటు నడిపే తెల్లదొర ఆదాయపు పన్ను లెక్కలు కట్టేదీ ఆయనే. అక్కడ టీ అయినా టపా అయినా ముందు దొరకే అందాలి. పన్ను కాగితాలకూ నాన్న అదే వరస పెట్టుకున్నాడు. ముందు దొరది, తర్వాత తనది, ఆ తర్వాతే నా దరఖాస్తు. దొరేమో, తెల్లవాళ్ళ సర్కారు మీద తిరుగుబాటు సాగుతున్న ఎమర్జెన్సీ రోజులని తుపాకుల కాపలాతో తోటల వెంట తిరుగుతూ సంతకానికి చిక్కడం లేదు.

పన్ను కాగితం కోసం ఆగొద్దని మా బడి పెద్ద టీచరమ్మ ముందే చెప్పింది. రాబడి సుమారుగా రాసి గడువులోగా పంపేస్తే, నకలు తర్వాత ఇవ్వొచ్చంది. అదే నాన్నతో అన్నాను.

"సుమారని రాస్తే అబద్దం కాదేటి? దొరది ఎల్లకుండా మనది ఎలగెల్తాది?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ అందుకుంది.

"దొర పిల్లలు ఆళ్ళ సీమలో సదువుతున్నారు. ఆళ్ళ సదువేటీ ఆగలేదు గదా. ఎల్లి ఆయన్నే అడగండి."

శుక్రవారం పొద్దున నాన్న కోటు తొడుక్కుని బంగళాకు వెళ్ళాడు. తిరిగొచ్చి, కలం తీసి, రాబడి గడిలో 'సుమారు' అని రాసి సంతకం పెట్టాడు.

వెంటనే టౌనుకు బస్సెక్కాం. ఇప్పటి తెలుక్ ఇంటాన్‌ను అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవాళ్ళం. అడవిలోని తిరుగుబాటుదారులకు బియ్యం చేరవేస్తున్నామేమోనని సిపాయిలు దారిలో బస్సు ఆపి, సంచులన్నీ కుమ్మరించి వెతికారు. ఎంతకీ వదలరు. నేను కవరు గుండెకు అదుముకుని నిలబడ్డాను. లోపల భయం, పైకి కోపం. తపాలాఫీసు కౌంటరు మూసేస్తుండగా ఉరికి, కవరు చేతికందించాం.

బంగళాలో జరిగింది నాన్న తిరుగు బస్సులో చెప్పాడు.

"దొర నవ్వినాడమ్మా. నా కాయితం ముందెల్లాలని నీకెవులు సెప్పినారు, అని అడిగినాడు."

"మరి నువ్వేటన్నావు?"

"ఏటంతాను? ఎవులూ సెప్పలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. పొద్దుటి నుంచీ ఆయన మీదున్న కోపమంతా పోయి, నాకు ఏడుపొచ్చింది.

సాయం వచ్చింది. మెర్దేకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చేనాటికి నేను కాలేజీలోనే ఉన్నాను. ఆ తర్వాత సెలవులకు ఇంటికెళితే, నా పెట్టె ఇంకా కిందికి దించకముందే నాన్న గుమ్మంలోకొచ్చి చెప్పాడు.

"ఈ ఏడు నా పన్ను కాయితం పంపేసినాను. దొరది ఇంకా బల్ల మీదే ఉంది."