దొరసాని తిండి గోల

మాదాపూర్‌లో గుట్టలు పేల్చి పెద్ద పెద్ద అద్దాల భవనాలు లేపుతున్న రోజుల్లో, సక్కుబాయి తన ఇంటి ముందే అన్నం బండి పెట్టింది. మేస్త్రీలు, వెల్డింగ్ పనివాళ్లు, కూలీలు కలిసి రోజుకు ఎనభై మంది ఆమె చేతి పప్పు తినేవాళ్లు. చాలంటే ఊరుకునే రకం కాదు. "గింత తింటె గోడెట్ల కడ్తవ్ రా?" అని మరో గరిటె వేసేది. తన దగ్గర కూర్చున్నవాడు అరకడుపుతో లేచాడంటే ఆమెకు తలకొట్టేసినట్టుండేది.

అలాంటి మనిషికి ఇంట్లో ఒక పిల్లి చుక్కలు చూపించింది.

దాని పేరు దొరసాని. పద్నాలుగేళ్ల ముసల్ది. ఎలుకలు పట్టడం ఎప్పుడో మానేసింది, దర్జా మాత్రం మానలేదు. ఆ ఎండాకాలం ఒళ్లంతా చిక్కి ఎముకల గూడైపోయింది. జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే భర్త లింగమూర్తి సెలవు పెట్టాడు. ఇద్దరూ దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరు చూసి కిడ్నీలు పాడయ్యాయన్నాడు.

"నయమయ్యే రోగం కాదమ్మా. తిన్నన్ని రోజులు బతుకుతది. ఉప్పు లేకుండ మెత్తగ ఉడకబెట్టి, గోరువెచ్చగ, జర జర నాలుగైదు పూటలు పెట్టు. రెండు మూడు దినాలు తిండి ఆగితే మాత్రం ఇగ కష్టం."

తినిపించడమే కదా, తనకు అదెంత పని అనుకుంది సక్కుబాయి. అయినా ఎందుకైనా మంచిదని పోచమ్మకు మొక్కుకుంది. దొరసాని కడుపునిండా తినేదాకా తాను అన్నం ముట్టదు. దీపం పెట్టాక ఒక అరటిపండు, గ్లాసెడు పాలు, అంతే.

మర్నాటి నుంచి మొదలైంది అసలు గోల. నిన్నటిదాకా నాలుగు మెతుకులైనా కతికిన పిల్లి ఇప్పుడు మూతి కూడా ఆనించదు. కోడిమాంసం ఉడికించి మెదిపి పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. ముళ్లు తీసి చేప పెడితే వద్దంది. గుడ్డు పెడితే దానిమీద కాలేసి నడిచిపోయింది. పై వాటాలో కిరాయికుండే అమ్మణ్ణి, "కాస్త పెరుగన్నం పెట్టి చూడండీ" అని మెట్లమీంచి సలహా పారేసింది. పెరుగన్నమూ అయింది. వేలికి రాసి నోట్లో పెడితే వేలు కొరికింది.

"ఎనభై మందికి పెడ్తున్ననే! నా చేతి కూడు నీకొక్కదానికే చేదైందా? నీ పాడుగాను!" అని గిన్నె విసిరికొట్టింది. మళ్లీ తానే ఏరుకుని, కడిగి, ఇంకో ముక్క వెచ్చబెట్టి తెచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నానికి సక్కుబాయికి కళ్లు తిరుగుతున్నాయి. పిల్లి పొయ్యి పక్కన ముడుచుకుని కదలడం లేదు. ఆమెకు భయం పట్టుకుంది. ఆ భయమంతా పోచమ్మ మీద కోపంగా తిరిగింది.

"అన్నం మానేస్తె సాల్లేదా తల్లీ? ఇగ పాలు గూడ బంద్ జేస్త! రేపటి సంది పచ్చి గంగ ముట్ట!"

రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న లింగమూర్తి ఆ అరుపుకి లేచి కూర్చున్నాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? నువ్వు తినకుంటె అదెట్ల తింటదే?"

"నా తిండికి, దాని తిండికి ఏం సంబంధం?"

"ఏందంటవేంది? అందరం తిన్నంక నువ్వు పొయ్యికాడ కూసుంటవ్. నీ కంచం చప్పుడైతే అది వస్తది. నీ పక్కన కూసొనే తింటది. పద్నాలుగేండ్ల సంది చూస్తున్న, ఒక్కనాడన్న ఒక్కతే తిన్నదా?"

నిజమే. ఊరందరికీ వడ్డించాక, ఇంట్లో అందరూ చేతులు కడిగాక, తాను తినే వేళకు తోడు కూర్చున్నది అదొక్కటే. తాను కంచం తీసి రెండు రోజులైంది.

మొక్కు తప్పడమంటే మాటలా? పోచమ్మ గుడి దిక్కు తిరిగి చెంపలు వేసుకుంది. "మాఫ్ చెయ్యి తల్లీ. నీ కోపమేమన్న ఉంటె నా మీదనే తీర్చుకో, దాని జోలికి పోకు."

కంచం కింద పెట్టింది. చప్పుడయింది. దొరసాని చెవులు కదిలాయి. తూలుకుంటూ లేచి వచ్చి, ఎప్పటిలాగే ఆమె మోకాలి పక్కన చేరింది. సక్కుబాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పిల్లి తన గిన్నెలోకి మూతి వంచింది. ఆమె ఆగితే అదీ ఆగింది. ఆమె తింటే అదీ తింది.

"దొంగమొకందానా! నా పానం దీస్తివి గదనే!" అని తిడుతూ, ఏడుస్తూ, రెండు రోజుల ఆకలి మీద గబగబా తింది.

డాక్టరు నాలుగైదు పూటలన్నాడు. అందుకని సక్కుబాయి రోజుకు ఐదుసార్లు పిడికెడు పిడికెడు తినడం మొదలుపెట్టింది. బండి దగ్గర కూలీలు ఆకలో అని కేకలేసినా, "జర ఆగుండ్రి, నేను తిన్నంకనే మీకు" అనేది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక, అందరికంటే ముందు ఆమె అన్నం తినడం అదే మొదలు.